ముందు బ్రేకు, ఆ తరువాతే పవరు
(అల్ అజీజియా నుంచి రేసు ట్రాక్ దాకా ఒక బండి కథ)

సౌదీ అరేబియాలో అల్ అజీజియా అనే పేరుతో చాలా పేటలున్నాయి. మక్కాలో ఉంది, జెద్దాలో ఉంది, రియాద్‌లోనూ ఉంది. నేను చెప్పబోయేది తూర్పు తీరంలో అల్ ఖోబార్‌కి దక్షిణాన ఉన్న అజీజియా సంగతి. 1986లో ప్రారంభమైన కింగ్ ఫహద్ వంతెన ఇక్కడే మొదలవుతుంది. సముద్రం మీదుగా సుమారు 25 కిలోమీటర్లు సాగి, బహ్రెయిన్‌లో అల్ జస్రా దగ్గర నేల దిగుతుంది. వంతెన దాటాక ఎడారిలో కాస్త దూరం వెళితే సఖీర్ వస్తుంది. 2004లో మధ్యప్రాచ్యంలో మొట్టమొదటి ఫార్ములా వన్ పోటీ జరిగిన బహ్రెయిన్ అంతర్జాతీయ సర్క్యూట్ అక్కడే ఉంది.

ఈ భౌగోళికం అంతా ఎందుకంటే, మన తూర్పు ప్రాంతంలో ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగు కుర్రాళ్ళలో మోటారు సైకిలు పిచ్చి ఉన్నవాళ్ళు తక్కువేమీ కాదు. ఇండియాలో ఉండగా కొనలేకపోయిన బండి ఇక్కడికొచ్చిన రెండేళ్ళకి కొంటారు. కొన్నాక దాన్ని ఎక్కడ తోలాలి? వారాంతం రాత్రి హాఫ్ మూన్ బే రోడ్డు ఖాళీగా, తిన్నగా కనిపిస్తుంది. అక్కడే ప్రమాదం. ఒంటెలు, ఇసుక, సెల్ ఫోన్ చూస్తూ కారు నడిపేవాళ్ళు, ఎదురుగా వచ్చే లారీలు, వీటిలో ఏదీ మన చేతిలో ఉండదు. వేగం కావాలంటే దానికి తగిన చోటు ట్రాక్ ఒక్కటే. ఆ ట్రాక్‌కి బండిని ఎలా సిద్ధం చేసుకోవాలో నా అనుభవంలోంచి నాలుగు మాటలు చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నేను చేసిన తప్పు

మాది విజయవాడ. ఆటోనగర్ లేత్ చప్పుళ్ళ మధ్య పెరిగాను కనుక బళ్ళ గురించి నాకు తెలియనిది లేదని ఒక గర్వం ఉండేది. మొదటిసారి సఖీర్ వెళ్ళే ముందు నా బండికి కొత్త సైలెన్సర్ బిగించాను. క్లచ్ పట్టకుండా గేరు మార్చే క్విక్ షిఫ్టర్ పెట్టాను. మంచి రంగు స్టిక్కర్లు వేయించాను. మూడేళ్ళుగా మార్చని బ్రేకు ఆయిల్ జోలికి మాత్రం పోలేదు.

నాలుగో ల్యాప్. ప్రధాన స్ట్రెయిట్ కిలోమీటరుకి పైగా ఉంటుంది. దాని చివర మొదటి మలుపు కుడికి బాగా ముడుచుకుంటుంది. అక్కడ బ్రేకు పట్టేసరికి లీవరు మెత్తగా వచ్చి హ్యాండిలుకి ఆనుకుంది. గబగబా రెండు మూడుసార్లు నొక్కితే సగం బ్రేకు పడింది. బండిని తిప్పే ప్రయత్నం మానేసి, తిన్నగా మలుపు బయట ఉన్న ఖాళీ జాగాలోకి పోనిచ్చాను. ఆ ఖాళీ జాగా ఉండబట్టే ఈ వ్యాసం రాస్తున్నాను. అదే హాఫ్ మూన్ బే రోడ్డు అయితే అక్కడ ఏముంటుందో మీరే ఊహించుకోండి.

పిట్‌కి తిరిగి వచ్చాక పక్కనున్న ఒక పెద్దాయన నా బ్రేకు ఆయిల్ డబ్బా మూత తీసి చూశారు. లోపల ఆయిల్ కాచిన డికాషన్ రంగులో ఉంది. "సైలెన్సర్ బాగుంది" అని ఒక్క మాటని వెళ్ళిపోయారు. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తే.

ఎందుకలా అయింది?

బ్రేకు వేయడమంటే వేగాన్ని వేడిగా మార్చడం. బండి, నేను, తోలు సూటు, హెల్మెట్ అన్నీ కలిపి 250 కిలోలు అనుకుందాం. గంటకు 160 కిలోమీటర్ల నుంచి 60కి తగ్గిస్తే సుమారు 210 కిలోజౌళ్ళ శక్తి ఎక్కడికో పోవాలి. మామూలు నీళ్ళు అర లీటరుకి పైగా మరిగించడానికి సరిపోయే వేడి అది. నలుగురికి టీ నీళ్ళన్న మాట! గాలి, ఇంజను కొంత పంచుకున్నా ఎక్కువ భాగం బ్రేకుల మీదే పడుతుంది, అదీ నాలుగైదు సెకన్లలో. రోడ్డు మీద ఇలా రోజుకు ఒకసారి జరుగుతుందేమో. ట్రాక్ మీద ప్రతి ల్యాప్‌లో నాలుగైదుసార్లు జరుగుతుంది.

ఇక బ్రేకు ఆయిల్ సంగతి. డాట్ 4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. కానీ ఈ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. తేమ చేరిన తరువాత ప్రమాణం 155 డిగ్రీలకి పడిపోతుంది. ఖోబార్ తీరంలో వేసవి తేమ ఎంతో ఇక్కడున్న వాళ్ళకి చెప్పనక్కరలేదు. ఆయిల్ మరిగితే ఆవిరి బుడగలు వస్తాయి. ద్రవాన్ని నొక్కితే ఒత్తిడి ప్యాడ్ల దాకా వెళుతుంది. బుడగని నొక్కితే బుడగే నలుగుతుంది. లీవరు మెత్తగా రావడం వెనక రహస్యం అంతే.

ఆ రోజు నుంచి నా పద్ధతి మారింది. ట్రాక్ బండి మీద డబ్బు పెట్టే వరుస ఇది: మొదట తోలేవాడి రక్షణ, తరువాత బ్రేకులు, టైర్లు, సస్పెన్షన్, చివరగా ఇంజను. చాలామంది ఈ జాబితాని కింద నుంచి పైకి చదువుతారు. నేనూ అలాగే చదివాను.

ఏ బండి తీసుకోవాలి?

వెయ్యి సీసీ బండి మొదటి ట్రాక్ బండిగా పనికిరాదు. అది నేర్పే లోపే భయపెడుతుంది. మూడు, నాలుగు వందల సీసీ బండి మీద పూర్తి థ్రాటిల్ తిప్పే ధైర్యం వస్తుంది, చేసిన తప్పు దిద్దుకునే సమయమూ ఉంటుంది. టైర్లు, ప్యాడ్లు కూడా నిదానంగా అరుగుతాయి. కవాసాకి నింజా 400, యమహా ఆర్3 ఇందుకు పేరు పొందినవి. కేటీఎం ఆర్‌సీ 390 పుణె దగ్గర చాకన్‌లో తయారై ప్రపంచమంతా వెళ్ళింది. తెలుగు మాటలు వీధివీధినా వినిపించే హోసూరులో టీవీఎస్ వారు తయారుచేసే అపాచీ ఆర్ఆర్ 310తో 2022 నుంచి ఆసియా స్థాయిలో వన్ మేక్ పోటీలు జరుగుతున్నాయి. మన దగ్గర పుట్టిన బళ్ళు అంతర్జాతీయ ట్రాకుల మీద తిరుగుతున్నాయంటే సంతోషమే కదా!

కొత్తది కొనకండి. పడిపోయిన గీతలున్నా సరే, ఫ్రేము వంకర పోని పాత బండి చాలు. ట్రాక్ మీద ఎప్పుడో ఒకప్పుడు పడతారు. కొత్త బండి మీద పడితే గుండె కూడా పగులుతుంది.

తీసేయడంతో మొదలు

కస్టమ్ బండి అనగానే ఏవేవో బిగించడం అనుకుంటాం. ట్రాక్ బండి తీసేయడంతో మొదలవుతుంది. అద్దాలు, ఇండికేటర్లు, హెడ్ లైటు, నంబరు ప్లేటు బ్రాకెట్, వెనక కూర్చునేవారి ఫుట్ రెస్టులు, సైడ్ స్టాండు అన్నీ పోతాయి. సైడ్ స్టాండు తీస్తే దాని స్విచ్చి వైరింగ్ సరిచేయాలి, లేకపోతే ఇంజను స్టార్ట్ కాదు. తక్కువలో తక్కువ 8, 10 కిలోలు తగ్గుతుంది. పైన చెప్పిన 250 కిలోల్లో 10 తగ్గడమంటే 4 శాతం. 40 హార్స్ పవర్ బండికి అది ఒకటిన్నర హార్స్ పవర్ ఉచితంగా వచ్చినట్టే. వారాంతం బిర్యానీ తగ్గించి మనమో ఐదు కిలోలు తగ్గితే ఇంకా చౌక!

తరువాత పక్కవాడి ప్రాణానికి సంబంధించిన పనులు. ఇంజను ఆయిల్ డ్రెయిన్ బోల్టు, ఆయిల్ పోసే మూత, బ్రేకు క్యాలిపర్ బోల్టులు వదులై ఊడిపోకుండా సన్నటి స్టీలు తీగతో కట్టాలి. బోల్టు తలకి చిన్న రంధ్రం వేసి, అది విప్పుకునే వైపు తిరగబోతే తీగ బిగుసుకునేలా కడతారు. తుక్‌బా వర్క్‌షాపుల్లో ఈ రంధ్రం వేయించుకోవడం పెద్ద పనేం కాదు. ఇంజను కింద బొడ్డు పళ్ళెం లాంటి ఫెయిరింగ్ ఉండాలి. ఇంజను పగిలితే ఆయిల్ ట్రాక్ మీద పడకుండా అందులో నిలవాలి. రేసు నిబంధనల్లో ఆయిల్, కూలెంట్ మొత్తంలో కనీసం సగం పట్టేలా ఉండాలని అడుగుతారు. కూలెంట్ తీసేసి మామూలు నీళ్ళు పోయమనేదీ అందుకే. కూలెంట్‌లోని గ్లైకాల్ తారు మీద పడితే సబ్బు నీళ్ళలా జారుతుంది, కడిగినా త్వరగా పోదు.

"మరి ఈ ఎండలో వట్టి నీళ్ళు మరగవా?" అని అడగొచ్చు. రేడియేటర్ మూత ఒత్తిడిని పట్టి ఉంచుతుంది. 1.1 బార్ మూత ఉంటే నీళ్ళు 120 డిగ్రీల దాకా మరగవు. మూత రబ్బరు బాగుండడం ముఖ్యం. అది పాతబడితే మీ రేడియేటర్ ఎంత మంచిదైనా వృథా.

శాగ్: ఇద్దరు మిత్రులు, ఒక టేపు

సస్పెన్షన్ అనగానే ఖరీదైన బంగారు రంగు ఫోర్కులు గుర్తుకొస్తాయి. కొనే ముందు పైసా ఖర్చు లేని ఒక పని చేయండి. శాగ్ అంటే మీ బరువుకి బండి ఎంత కుంగుతుందో ఆ కొలత.

వెనక చక్రం గాలిలోకి లేపి, ఇరుసు నుంచి సీటు కింద ఒక గుర్తు దాకా కొలవండి. 560 మిల్లీమీటర్లు వచ్చిందనుకుందాం. తరువాత పూర్తి సూటు, హెల్మెట్ వేసుకుని బండి మీద కూర్చోండి. ఒక మిత్రుడు బండిని నిలబెట్టి పట్టుకోవాలి. ఇంకొకరు వెనక భాగాన్ని కిందికి నొక్కి మెల్లగా వదిలి కొలవాలి, 524 వచ్చింది. తరువాత పైకి లేపి మెల్లగా వదిలి కొలవాలి, 530 వచ్చింది. రెండింటి సగటు 527. 560లోంచి తీసేస్తే 33. అదే మీ శాగ్. రెండుసార్లు కొలవడం ఎందుకంటే, సీళ్ళ రాపిడి వల్ల బండి ఒకే చోట నిలవదు.

ట్రాక్ మీద చిన్న బళ్ళకి ముందు 30 నుంచి 35, వెనక 25 నుంచి 30 మిల్లీమీటర్లు మంచి ఆరంభం. నాది వెనక 45 వచ్చింది! అంటే బండి ముక్కు పైకెత్తి కూర్చుంది. మలుపులో అది బయటికి బయటికి పోతుంటే తప్పు నాదేనని అంతకాలం అనుకున్నాను.

ప్రీలోడ్ తిప్పితే కుంగుదల తగ్గుతుంది. కానీ ప్రీలోడ్ స్ప్రింగుని గట్టిపరచదు, బండి ఎత్తుని మాత్రమే మారుస్తుంది. పరీక్ష ఏమిటంటే, శాగ్ సరిచేశాక మీరు దిగి బండిని వట్టిగా చూడండి. అది తన బరువుకి 5, 10 మిల్లీమీటర్లైనా కుంగాలి. అసలు కుంగకపోతే స్ప్రింగు మీ బరువుకి మెత్తనిది, మార్చాల్సిందే. ఈ తరగతి బళ్ళలో స్ప్రింగులు రోజూ ఆఫీసుకు వెళ్ళే వాళ్ళ నడుము కోసం పెట్టినవి. కాబట్టి అందరికన్నా ముందు ఖర్చు పెట్టాల్సింది స్ప్రింగు మీదే.

ఆ తరువాత రీబౌండ్, అంటే కుంగిన బండి తిరిగి లేచే వేగం. సీటుని బలంగా నొక్కి వదలండి. ఒక్కసారి పైకి వచ్చి ఆగితే బాగుంది. ఉయ్యాలలా ఊగితే రీబౌండ్ పెంచాలి. బద్ధకంగా లేస్తే తగ్గించాలి.

టైరు గాలి: చిన్న లెక్క

సఖీర్ ట్రాక్ తారులో వేసిన రాయి ఇంగ్లాండులోని ష్రాప్‌షైర్ నుంచి ఓడల్లో తెచ్చినది. బాగా గరుకైన రాయి. పట్టు బాగుంటుంది, టైరునీ బాగా తింటుంది. పైగా చుట్టూ ఎడారి కనుక గాలి వీచిన రోజు పక్కన ఇసుక చేరుతుంది. మొదటి రెండు ల్యాపులు అందరూ నడిచిన గీత దాటకుండా నిదానంగా తిరగండి.

గాలి ఒత్తిడి వేడితో పెరుగుతుంది. పొద్దున్న 25 డిగ్రీల దగ్గర 29 పీఎస్ఐ పెట్టారనుకోండి. టైరు లోపలి గాలి 70 డిగ్రీలకి చేరితే అది 35, 36 అవుతుంది. టైరు ఉబ్బి నేలని తాకే మేర తగ్గుతుంది. "గాలి కరెక్టుగానే పెట్టాను, అయినా జారుతోంది" అని మనవాళ్ళు అనేది ఇందుకే. ట్రాక్ మీద లెక్క చల్లని టైరుది కాదు, సెషన్ ముగించి పిట్‌లోకి రాగానే చూసే వేడి ఒత్తిడిది. టైరు కంపెనీ చెప్పిన వేడి ఒత్తిడి ఎంతో తెలుసుకుని, వచ్చిన వెంటనే కొలిచి సరిచేయండి. ఆ గాలితో సాయంత్రం రోడ్డెక్కకండి. రోడ్డు కోసం మళ్ళీ కంపెనీ చెప్పిన ఒత్తిడి పెట్టాలి.

గేరింగు, ఆఖరున ఇంజను

ఇంజను విప్పకుండా బండి స్వభావం మార్చేది స్ప్రాకెట్. ముందు 15 పళ్ళు, వెనక 45 ఉంటే నిష్పత్తి 3. ముందు ఒక పన్ను తగ్గిస్తే 3.21, అంటే 7 శాతం మార్పు. వెనక ఒక పన్ను పెంచితే 2 శాతమే. ముందు పెద్ద అడుగు, వెనక చిన్న అడుగు అని గుర్తుపెట్టుకోండి. కోయంబత్తూరు కరి స్పీడ్‌వే లాంటి ఇరుకు ట్రాకుకి పొట్టి గేరింగు బాగుంటుంది. సఖీర్ పొడుగు స్ట్రెయిట్ మీద అదే బండి సగం దారిలోనే అరవడం మొదలుపెట్టి అక్కడే ఆగిపోతుంది. స్ట్రెయిట్ చివర, బ్రేకు వేసే చోటుకి కాస్త ముందు, ఆఖరు గేరులో ఇంజను తన గరిష్ఠ పవరుకి చేరితే సరిపోయినట్టు.

సైలెన్సర్ మార్చితే ఇంజనుకి గాలి, పెట్రోలు పాళ్ళు మారతాయి. పెట్రోలు పూర్తిగా మండడానికి 14.7 పాళ్ళ గాలి కావాలి. పూర్తి థ్రాటిల్‌లో మాత్రం 13 దగ్గర ఉంచుతారు. ఆ ఎక్కువ పెట్రోలు పవరు ఇస్తుంది, ఇంజను లోపల చల్లబరుస్తుంది కూడా. సైలెన్సర్ మార్చి మ్యాపింగ్ చేయించకపోతే పాళ్ళు పలచబడి ఇంజను వేడెక్కుతుంది. ఇంకొక మాట. ఫిల్టరు డబ్బా తీసేసి వట్టి ఫిల్టరు పెట్టే ఫ్యాషన్ మన ఎడారికి పనికిరాదు. సన్నటి ఇసుక సిలిండరు గోడల్ని ఆకురాయిలా రుద్దేస్తుంది. డబ్బా ఉంచండి, ఫిల్టరు ప్రతి ట్రాక్ రోజు తరువాతా చూడండి.

ఒక్కసారి ఒక్కటే

ఇన్నిటికన్నా నాకు ఎక్కువ ఉపయోగపడిన పరికరం ఒక వంద పేజీల నోటు పుస్తకం. తేదీ, ఎండ, గాలి ఒత్తిడి, శాగ్, ప్రీలోడ్ ఎన్ని తిప్పులు, ల్యాప్ టైము, ఎక్కడ ఎలా అనిపించింది, అన్నీ అందులో రాస్తాను. నియమం ఒక్కటే: ఒక సెషన్‌కి ఒక్క మార్పు. రెండు మార్చి బండి బాగుపడితే దేనివల్ల బాగుపడిందో తెలియదు. చెడిపోతే అసలే తెలియదు. ప్లాంటులో ఏ మార్పుకైనా పద్ధతి ప్రకారం కాగితం రాసి సంతకాలు పెట్టే మనం, ప్రాణం పెట్టే బండి దగ్గర మాత్రం ఆ అలవాటు ఇంట్లో వదిలేసి వస్తాం!

బయలుదేరే ముందు రోజు టార్క్ రెంచితో ప్రతి ముఖ్యమైన బోల్టు బిగించి, దాని మీద పెయింటు పెన్నుతో గీత గీయండి. గీత చెదిరితే బోల్టు కదిలినట్టు. ప్రతి సెషన్ తరువాత ఒక్క చూపుతో తెలిసిపోతుంది.

వంతెన దాటే ముందు

ఎగ్జిట్ రీఎంట్రీ, బహ్రెయిన్ వీసా, బండి కాగితాలు, బహ్రెయిన్ ఇన్సూరెన్సు ముందే చూసుకోండి. లైట్లు, నంబరు ప్లేటు తీసేసిన బండిని పికప్ మీద తీసుకెళ్ళాలి కనుక కస్టమ్స్‌కి ఏ కాగితాలు కావాలో వారం ముందే కనుక్కోండి. ఒంటి ముక్క తోలు సూటు, వీపు రక్షణ, మంచి హెల్మెట్, చేతి మణికట్టు దాటే గ్లవ్స్, చీలమండని పట్టి ఉంచే బూట్లు లేకుండా ట్రాక్ మీదికి రానివ్వరు, రానివ్వకూడదు కూడా. జెండాల అర్థాలు కంఠతా వచ్చి ఉండాలి. పసుపు ఊపితే ముందు ప్రమాదం, దాటకూడదు. పసుపు మీద ఎర్ర చారలుంటే దారి జారుతుంది. ఎరుపంటే అందరూ నిదానంగా పిట్‌కి. నీళ్ళతో పాటు ఉప్పేసిన మజ్జిగ తీసుకెళ్ళండి. ఒళ్ళు ఎండిపోతే ముందు పోయేది బలం కాదు, నిర్ణయం తీసుకునే శక్తి.

చివరిగా ఇంట్లో మాట. మనం ఒక్కరం కాదు. ఊళ్ళో అమ్మానాన్నలు, ఇక్కడ భార్యాపిల్లలు, తీరని అప్పులు, కడుతున్న ఫ్లాటు, అన్నీ మన ఒంటి మీద ఆధారపడి ఉన్నాయి. చాలా ఇన్సూరెన్సు పాలసీలలో రేసింగు, సాహస క్రీడలకి మినహాయింపు రాసి ఉంటుంది. మీ పాలసీ తీసి చదవండి. మా ఆవిడకి నేను నా పాలసీ, నోటు పుస్తకం రెండూ చూపించాను. బ్రేకు ఆయిల్ మార్చిన తేదీ తను అడిగి మరీ చూస్తుంది. ట్రాక్ రోజు ముందు రాత్రి "ఆయిల్ మార్చారా?" అన్న ఆ ప్రశ్నకి "మార్చాను" అని నిజంగా చెప్పగలిగితేనే పొద్దున్న వంతెన ఎక్కుతాను.

మీరూ అలాగే ఎక్కండి. సఖీర్‌లో కలుద్దాం.